రక్తంలో అపో-బి, అపో-ఎ1 కొలవడం ఎలా: ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతి, రక్తం తీయడం నుంచి రిపోర్ట్ దాకా

ఎల్‌సీ-ఎంఎస్ అంటే శాంపిల్‌ని ముందు కాలమ్‌లో వేరుచేసి, తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషన్‌తో అణువుల బరువుని బట్టి కొలవడం. దాంతో రక్తంలోని ప్రొటీన్‌ని కొలుస్తున్నామని అంటాం. నిజానికి ఈ పద్ధతిలో ఆ మిషన్ ప్రొటీన్‌ని చూడనే చూడదు. ప్రొటీన్‌ని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేస్తాం. ఆ ముక్కల్ని పెప్టైడ్లు అంటారు. వాటిలో ఒకటో రెండో ఎంచుకుని కొలుస్తాం. ముక్క ఎంతుందో చూసి ప్రొటీన్ ఎంతుందో చెబుతాం. అంటే ప్రతి ప్రొటీన్ అణువూ తెగిందని, తెగిన ముక్క దారిలో పోలేదని చూపించగలగాలి. అది చూపించలేకపోతే ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా వచ్చిన అంకెకు విలువ లేదు. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ రుజువు గురించే.

హైదరాబాద్, విశాఖ ఫార్మా ల్యాబ్‌లలో ట్రిపుల్ క్వాడ్ (ఒక రకం మాస్ స్పెక్ట్రోమీటర్) మీద ప్లాస్మాలో మందుల మోతాదు కొలిచేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు వాళ్లలో ఒకరైతే సగం పని మీకు వచ్చినట్టే. మిగతా సగం, అంటే పెప్టైడ్ ఎంపిక, డైజెషన్ (ప్రొటీన్‌ని ముక్కలు చేయడం), క్యాలిబ్రేటర్ (విలువ ముందే తెలిసిన పోలిక శాంపిల్), ఇక్కడ నేర్చుకోవచ్చు. పీహెచ్‌డీ విద్యార్థులకూ, క్లినికల్ బయోకెమిస్ట్రీ వాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది.

మొదట ఏ ప్రొటీన్‌తో మొదలుపెట్టాలి

నా సలహా అపో-బి, అపో-ఎ1. రక్తంలో కొవ్వుని మోసే కణాల (లైపోప్రొటీన్ల) మీద ఉండే ప్రొటీన్లు ఇవి. గుండె జబ్బు ముప్పు అంచనాకు ఈ రెండూ పనికొస్తాయి. ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ కణాల్లో ప్రతిదాని మీదా సరిగ్గా ఒక్క అపో-బి అణువే ఉంటుంది. కాబట్టి అపో-బి ని కొలిస్తే ఆ కణాల సంఖ్యను కొలిచినట్టే. లైపోప్రొటీన్-ఎ కణం మీదా ఒకటి ఉంటుంది, అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అపో-ఎ1 హెచ్‌డీఎల్‌లో ప్రధానమైన ప్రొటీన్.

ఇంకో కారణం కూడా ఉంది. ఇవి రక్తంలో దండిగా ఉంటాయి. అపో-బి లీటరుకు ఇంచుమించు 1 గ్రాము, అపో-ఎ1 దాదాపు 1.4 గ్రాములు. ప్లాస్మా మొత్తం ప్రొటీన్ లీటరుకు 60 నుంచి 80 గ్రాములు, అందులో సగానికి పైగా ఆల్బుమినే. అయినా ఈ రెంటికీ ఆల్బుమిన్‌ని తీసేయాల్సిన పని లేదు, యాంటీబాడీతో వేరు చేయాల్సిన పని లేదు. నేరుగా ముక్కలు చేసి ఇంజెక్ట్ చేయవచ్చు.

థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చూసే థైరోగ్లోబ్యులిన్ సంగతి వేరు. అది మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది, అంటే అపో-బి కంటే లక్షల రెట్లు తక్కువ. పైగా కొందరు పేషెంట్ల రక్తంలో థైరోగ్లోబ్యులిన్ మీదే యాంటీబాడీలు ఉండి మామూలు ఇమ్యునోఅస్సేని (యాంటీబాడీతో కొలిచే పరీక్షని) తప్పుదారి పట్టిస్తాయి. 2008లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆండ్రూ హూఫ్‌నాగల్ బృందం దీనికి మంచి దారి చూపించింది. ముందు సీరం మొత్తాన్ని ట్రిప్సిన్‌తో ముక్కలు చేశారు. దాంతో అడ్డుపడే యాంటీబాడీలూ ముక్కలైపోయాయి. తర్వాత కావలసిన పెప్టైడ్‌ని మాత్రం దానికోసమే తయారుచేసిన యాంటీబాడీతో పట్టి, మాస్ స్పెక్‌లో కొలిచారు. అందమైన ఆలోచన. కానీ తొలి ప్రాజెక్ట్‌గా అది పెట్టుకోకండి. అపో-బి తో చేయి తిరిగాక అటు వెళ్లండి.

రక్తం తీసే దగ్గరే జాగ్రత్త

ఎథిక్స్ కమిటీ అనుమతి, దాతల సంతకం ముందు. ల్యాబ్‌లో శాంపిల్ ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి టీకా పూర్తయి ఉండాలి. ప్రతి శాంపిల్‌లోనూ ఇన్ఫెక్షన్ ఉండొచ్చు అనుకునే పనిచేయాలి.

సీరమా (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఈడీటీఏ ప్లాస్మానా (గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన రక్తం నుంచి తీసిన ద్రవం) అన్నది మొదటిరోజే తేల్చుకోండి, మధ్యలో మార్చకండి. ఈడీటీఏ రక్తకణాల్లోంచి కాస్త నీటిని బయటికి లాగుతుంది. అందుకే ప్లాస్మా విలువలు సీరం కంటే సుమారు 3 శాతం తక్కువ వస్తాయి. చిన్న తేడానే, కానీ సగం శాంపిల్స్ సీరం, సగం ప్లాస్మా అయితే మీ డేటాలో అది కనబడి తీరుతుంది.

ఈడీటీఏ ట్యూబ్‌ని గీతదాకా నింపండి. నింపగానే 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తలకిందులు చేయండి, కుదపకండి. 1500 నుంచి 2000 జీ (భూమ్యాకర్షణకు అన్ని రెట్ల బలం) దగ్గర 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్న ప్లాస్మాని కణాల పొర కదలకుండా తీయండి. 100 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచి -80 డిగ్రీల్లో పెట్టండి. ఒకే పెద్ద ట్యూబ్‌లో దాచి మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించడం మానుకోండి. అపో-బి లైపోప్రొటీన్ కణాల మీద ఉంటుంది, ఆ కణాలు అలాంటి దెబ్బలకు తట్టుకోవు. ఫ్రీజర్‌కి జనరేటర్ బ్యాకప్ ఉందో లేదో, ఉష్ణోగ్రత పెరిగితే అలారం ఎవరి ఫోన్‌కి వెళ్తుందో ముందే అడిగి తెలుసుకోండి. వేరే ఊరి నుంచి తెప్పించే శాంపిల్స్‌కి డ్రై ఐస్ తప్ప ఇంకేదీ వద్దు. మే నెల ఎండకి జెల్ ప్యాక్ ఎంతోసేపు ఆగదు.

కరిగించాక తప్పకుండా కలపండి. గడ్డకట్టి కరిగిన ప్లాస్మా పొరలుగా ఉంటుంది, కొవ్వు పైకి తేలుతుంది. పిపెట్ పైనుంచి ముంచితే ఒక విలువ, అడుగు నుంచి తీస్తే ఇంకో విలువ వస్తుంది. పది పన్నెండు సార్లు మెల్లగా తిప్పి, ఒకసారి కొద్దిసేపు స్పిన్ చేసి, మళ్లీ కలిపి తీయండి. పాలలా తెల్లగా ఉన్న శాంపిల్, ఎర్రబడిన శాంపిల్ కనిపిస్తే ఆ సంగతి రిజిస్టర్‌లో రాయండి.

పెప్టైడ్ ఎంపిక

ఇక్కడ తొందర పడకండి. పద్ధతి నిలబడాలన్నా కూలిపోవాలన్నా ఈ ఎంపికలోనే ఉంది.

ట్రిప్సిన్ లైసిన్ లేదా ఆర్జినిన్ తర్వాత కోస్తుంది. ఆ వెంటనే ప్రోలిన్ ఉంటే కోయదు. అలా తెగినప్పుడు 4536 అమైనో ఆమ్లాల అపో-బి నుంచి వందల ముక్కలు వస్తాయి. వాటిలోంచి ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి ఇవి. ఆ వరుస మనిషి శరీరంలోని ఇంకే ప్రొటీన్‌లోనూ ఉండకూడదు. పొడవు 8 నుంచి 16 అమైనో ఆమ్లాలైతే అనుకూలం. మెథియోనిన్ ఆక్సీకరణ చెందుతుంది, సిస్టీన్ బంధాలు కడుతుంది, కాబట్టి అవి రెండూ లేకుంటే మేలు. ఆస్పరజిన్ పక్కనే గ్లైసిన్ ఉంటే అది మెల్లగా రూపం మారుతుంది. మొదటి అక్షరం గ్లుటమిన్ అయితే అది చుట్టుకుపోయి బరువు మారుతుంది. చక్కెర అతుక్కునే చోటు అసలే వద్దు. జనాభాలో తరచుగా కనిపించే జన్యు మార్పు ఆ ముక్కలో పడకూడదు.

అపో-బి కి ఇంకో షరతు ఉంది. పేగుల్లో తయారయ్యే అపో-బి48 కూడా అదే జన్యువు నుంచి వస్తుంది. అది అపో-బి100లో మొదటి 2152 అమైనో ఆమ్లాలు మాత్రమే. మీ పెప్టైడ్ ఆ మొదటి భాగంలో ఉంటే రెంటినీ కలిపి కొలుస్తారు, తర్వాతి భాగంలో ఉంటే బి100ని మాత్రమే. ఏది కావాలో మీ ప్రశ్నని బట్టి నిర్ణయించుకోండి. కానీ తెలిసి చేయండి.

ఈ రెండు ప్రొటీన్ల మీద చాలా ల్యాబ్‌లు పనిచేశాయి కాబట్టి మీరు మొదటి నుంచి వెతకక్కర్లేదు. అమైనో ఆమ్లాల ఒంటి అక్షరాలతో చెబుతాను. అపో-ఎ1కి వి-క్యూ-పి-వై-ఎల్-డి-డి-ఎఫ్-క్యూ-కె, దానికి తోడుగా టి-హెచ్-ఎల్-ఎ-పి-వై-ఎస్-డి-ఇ-ఎల్-ఆర్. అపో-బి కి టి-ఇ-వి-ఐ-పి-పి-ఎల్-ఐ-ఇ-ఎన్-ఆర్, తోడుగా ఎస్-వి-ఎస్-ఎల్-పి-ఎస్-ఎల్-డి-పి-ఎ-ఎస్-ఎ-కె. మూడో అక్షరం దగ్గర, అయిదో అక్షరం దగ్గర, ఇలా ప్రతిదాని నడుమా ప్రోలిన్ ఉండటం గమనించండి. మాస్ స్పెక్‌లో పెప్టైడ్ ప్రోలిన్‌కి ముందు తేలిగ్గా విరుగుతుంది, అందుకే బలమైన సిగ్నల్ వస్తుంది.

ప్రొటీన్‌కి రెండు పెప్టైడ్లు ఎందుకంటే, ఒకదాని మీద ఇంకోటి కాపలా. ఇద్దరి లెక్కా కలిస్తే ధైర్యంగా రిపోర్ట్ ఇవ్వవచ్చు. కలవకపోతే డైజెషన్ సరిగా జరగలేదనో, ఆ మనిషిలో ఒక పెప్టైడ్ ఉన్నచోట జన్యు మార్పు ఉందనో అర్థం. ఒక జన్యు ప్రతిలో మార్పు ఉంటే ఆ పెప్టైడ్ లెక్క సగానికి దగ్గరగా పడిపోతుంది.

మొదటి అపో-ఎ1 పెప్టైడ్‌కి ఒక చిక్కు ఉంది. ప్రొటీన్‌లో దాని చివరి కె పక్కనే ఇంకో కె ఉంది. ట్రిప్సిన్ రెండో కె తర్వాత కోసేస్తే ఒక అక్షరం ఎక్కువున్న ముక్క వస్తుంది. చివర్న అతుక్కున్న ఆ ఒక్క అక్షరాన్ని ట్రిప్సిన్ తేలిగ్గా తీయలేదు. అందుకే ఆ పొడవు ముక్కని కూడా, రెండు విద్యుదావేశాలతో (చార్జీలతో), అంటే బరువుని చార్జీతో భాగించిన అంకె 690.9 దగ్గర, పద్ధతి తయారుచేసే రోజుల్లో గమనిస్తూ ఉండండి. శాంపిల్‌కీ శాంపిల్‌కీ దాని వాటా మారుతుంటే టి-హెచ్-ఎల్ పెప్టైడ్‌నే ప్రధానంగా పెట్టుకోండి.

ఇంటర్నల్ స్టాండర్డ్

ఇది ప్రతి శాంపిల్‌లోనూ తెలిసినంత మోతాదులో వేసే పోలిక పెప్టైడ్. మీరు కొలిచే అదే పెప్టైడ్‌ని చివరి లైసిన్ లేదా ఆర్జినిన్‌లో బరువైన కార్బన్, నైట్రోజన్ పెట్టి తయారుచేయించండి. లైసిన్ అయితే 8 డాల్టన్లు, ఆర్జినిన్ అయితే 10 డాల్టన్లు బరువు పెరుగుతుంది. కాలమ్‌లో రెండూ ఒకే సమయానికి వస్తాయి, మాస్ స్పెక్‌లో మాత్రం విడివిడిగా కనిపిస్తాయి.

ఇందులో ఒక పరిమితి ఉంది. బరువైన పెప్టైడ్ అప్పటికే తెగి ఉన్న ముక్క. పిపెటింగ్‌లో, కాలమ్‌లో, అయనీకరణలో వచ్చే నష్టాన్ని అది సరిచేస్తుంది. ప్రొటీన్ సగమే తెగితే ఆ సంగతి దానికి తెలియదు. రెండు వైపులా కొన్ని అక్షరాలు అదనంగా ఉన్న పొడవైన బరువు పెప్టైడ్ కొంచెం మెరుగు. అది కూడా ట్రిప్సిన్ చేత తెగాలి కాబట్టి ఎంజైమ్ పనిచేసిందో లేదో కొంత చెబుతుంది. మొత్తం ప్రొటీన్‌నే బరువైన రూపంలో వాడటం అన్నిటికన్నా మేలు. అపో-ఎ1కి అది సాధ్యమే, 4536 అక్షరాల అపో-బి కి ఆచరణలో కుదరదు. ఏది వాడినా ట్రిప్సిన్ కలపకముందే వేయండి. తెగిన ముక్క డైజెషన్ సమయంలో కొంత పాడైతే స్టాండర్డ్ కూడా అంతే పాడై నిష్పత్తిని కాపాడుతుంది.

ఎంత వేయాలి? ఇక్కడ గ్రాముల్లో ఆలోచిస్తే తప్పుతాం. అపో-ఎ1 అణుభారం 28 వేల డాల్టన్లు. అపో-బి ది చక్కెరలు వదిలేసినా 5 లక్షల పైచిలుకు. కాబట్టి గ్రాముల్లో దాదాపు సమానంగా ఉన్నా, అణువుల లెక్కలో అపో-ఎ1 లీటరుకు సుమారు 50 మైక్రోమోల్, అపో-బి సుమారు 2 మైక్రోమోల్. 25 రెట్ల తేడా. స్టాండర్డ్ మిశ్రమం కూడా అదే నిష్పత్తిలో చేసుకోండి: ఎ1 పెప్టైడ్లు 2.5 మైక్రోమోలార్, బి పెప్టైడ్లు 0.1 మైక్రోమోలార్. పెప్టైడ్లు ప్లాస్టిక్‌కి అంటుకుంటాయి కాబట్టి ప్రొటీన్ అంటని ట్యూబుల్లో, కొంచెం అసిటోనైట్రైల్, ఫార్మిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో, చిన్న భాగాలుగా దాచండి.

డైజెషన్

ప్లాస్మా 5 మైక్రోలీటర్లు, 100 మిల్లీమోలార్ అమోనియం బైకార్బొనేట్ 95 మైక్రోలీటర్లు కలపండి. అందులోంచి 10 మైక్రోలీటర్లు కొత్త ట్యూబ్‌లోకి తీసుకోండి. ఇప్పుడు మీ దగ్గరున్నది అర మైక్రోలీటర్ ప్లాస్మా, అందులో దాదాపు 35 మైక్రోగ్రాముల ప్రొటీన్, సుమారు 25 పికోమోల్ అపో-ఎ1, 1 పికోమోల్ అపో-బి. స్టాండర్డ్ మిశ్రమం 10 మైక్రోలీటర్లు వేయండి. పైన లెక్క ప్రకారం సరిగ్గా అంతే 25, అంతే 1 పికోమోల్ పడుతుంది.

తర్వాత 1 శాతం సోడియం డీఆక్సీకోలేట్ ఉన్న అదే బఫర్ 70 మైక్రోలీటర్లు కలపండి. ఇది పిత్తం నుంచి వచ్చే డిటర్జెంట్. కొవ్వు కణాన్ని విప్పి అపో-బి ని బయటపెట్టడంలో మంచి పనిమంతురాలు, ట్రిప్సిన్‌ని చంపదు, ఆఖర్న ఆమ్లం వేస్తే గడ్డగా కిందికి దిగిపోతుంది. యూరియా వాడే అలవాటున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, యూరియా ఉన్న ద్రావణాన్ని 37 డిగ్రీలు దాటి వేడి చేస్తే అది పెప్టైడ్లకు అతుక్కుని బరువు మార్చేస్తుంది.

డైసల్ఫైడ్ బంధాలను విడదీసే టీసీఈపీ తుది గాఢత 5 మిల్లీమోలార్ అయ్యేలా వేసి 60 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచండి. చల్లారాక, ఆ బంధాలు మళ్లీ కలవకుండా అయోడోఅసిటమైడ్ 15 మిల్లీమోలార్ అయ్యేలా వేసి చీకట్లో 30 నిమిషాలు. అపో-ఎ1లో సిస్టీన్ లేనే లేదు, మనం ఎంచుకున్న నాలుగు పెప్టైడ్లలోనూ లేదు, అయినా ఈ దశ వదలకండి. అపో-బి ని కట్టిపెట్టే డైసల్ఫైడ్ బంధాలు ఊడాలి. ఇంకో సంగతి, ప్లాస్మాలో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్, ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ లాంటివి ఉంటాయి. ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌లను ఆపడమే వాటి పని. వేడి, డిటర్జెంట్ కలిసి ముందు వాటి ఆకారం చెడగొడితేగానీ మీ ట్రిప్సిన్ స్వేచ్ఛగా పనిచేయదు.

ఇప్పుడు మాస్ స్పెక్ గ్రేడ్ ట్రిప్సిన్ 2 మైక్రోగ్రాములు, అంటే ప్రొటీన్‌లో సుమారు 20వ వంతు, 10 మైక్రోలీటర్లలో కలిపి వేయండి. 37 డిగ్రీల్లో, మూత లోపల ఆవిరి పట్టకుండా పైన కూడా వేడి ఉండే షేకర్‌లో పెట్టండి. ట్రిప్సిన్ పొడిని ఆమ్ల ద్రావణంలో కరిగించి ఐస్ మీద ఉంచాలి, బఫర్‌లో ముందే కలిపి పెట్టుకుంటే అది తనను తానే కోసుకుంటుంది.

సమయం అయ్యాక 10 శాతం ఫార్మిక్ ఆమ్లం 20 మైక్రోలీటర్లు వేయండి. పీహెచ్ 4 కంటే దిగిందో లేదో కాగితంతో చూడండి. తెల్లటి ముద్ద వస్తుంది, అదే డీఆక్సీకోలేట్. 14,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, పై ద్రవాన్ని ముద్ద కదలకుండా వయల్‌లోకి తీయండి. ముద్ద కొంచెం వచ్చినా కాలమ్ ప్రెషర్ పెరుగుతుంది, అందుకే అవసరమైతే రెండోసారి తిప్పండి.

అసలు పరీక్ష: డైజెషన్ పూర్తయిందా?

ఏ కిట్ పేపర్‌లోనో "రాత్రంతా" అని ఉందని రాత్రంతా పెట్టేయకండి. ఒకే ప్లాస్మాని పదిహేను ఇరవై ట్యూబుల్లో మొదలుపెట్టి అరగంట, 1, 2, 4, 8, 16 గంటలకు కొన్ని చొప్పున ఆపండి. ప్రతి పెప్టైడ్‌కీ మామూలు రూపం, బరువైన రూపం నిష్పత్తిని సమయంతో గీయండి.

ఆ గీత పైకి వెళ్లి ఒకచోట చదునవ్వాలి. మీరు ఎంచుకునే సమయం ఆ చదును మొదలైన చోట కాకుండా, దాని నడుమ ఉండాలి. అప్పుడే రేపు ట్రిప్సిన్ కాస్త బలహీనంగా వచ్చినా అంకె కదలదు. గీత 16 గంటలకీ ఇంకా ఎక్కుతూనే ఉందంటే ఆ పెప్టైడ్‌ని వదిలేయండి, లేదా ప్రొటీన్ ఇంకా బాగా విప్పుకోవాలి. ఎక్కి మళ్లీ దిగుతుంటే ముక్క పాడవుతోంది. ఒకే ప్రొటీన్‌లోని రెండు పెప్టైడ్లు వేర్వేరు వేగంతో చదునుకి చేరడం మామూలే. చివరికి రెండూ చేరాలి.

ఈ పరీక్షని ఒక్క ఆరోగ్యవంతుడి ప్లాస్మాతో ముగించకండి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్న ఒక శాంపిల్, బాగా తక్కువున్న ఒక శాంపిల్‌తో కూడా చేయండి. కొవ్వు ఎక్కువున్నచోట అపో-బి మెల్లగా తెగడం తరచుగా బయటపడుతుంది. ఆరోగ్యవంతుల్లో చక్కగా పనిచేసి, అసలు అవసరమున్న పేషెంట్‌లో తక్కువ చూపించే పద్ధతి ప్రమాదకరం. అందుకే దీని మీద ఒక వారం పోయినా పోనివ్వండి.

కాలమ్, మాస్ స్పెక్

మందుల ల్యాబ్ వాళ్లకు ఈ భాగం తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. 2.1 మిల్లీమీటర్ల వెడల్పు, 50 లేదా 100 మిల్లీమీటర్ల పొడవున్న సీ18 కాలమ్, 50 డిగ్రీలు, నిమిషానికి 0.3 మిల్లీలీటర్లు. నీరు, అసిటోనైట్రైల్, రెంటిలోనూ 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం. అసిటోనైట్రైల్ 5 శాతం నుంచి 35 శాతానికి 8 నిమిషాల్లో, తర్వాత 90 శాతంతో కడిగి మళ్లీ 5కి. నానో ఫ్లో అక్కర్లేదు. 10 మైక్రోలీటర్లు ఇంజెక్ట్ చేస్తే అపో-బి పెప్టైడ్ సుమారు 75 ఫెమ్టోమోల్ వెళ్తుంది, మామూలు ట్రిపుల్ క్వాడ్‌కి అది చాలు.

మందుల అణువుల నుంచి వచ్చినవాళ్లకు ఒకటి వింతగా ఉంటుంది. ఇక్కడ పేరెంట్ అయాన్‌కి (మిషన్‌లో విరగకముందు పెప్టైడ్‌కి) రెండు చార్జీలు ఉంటాయి, ముక్కకి ఒకటే. అందుకే ముక్క అంకె పేరెంట్ కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఎ1 మొదటి పెప్టైడ్ 626.8 నుంచి 1025.5, బరువైనది 630.8 నుంచి 1033.5. రెండోది 651.3 నుంచి 879.4. బి మొదటి పెప్టైడ్ 640.9 నుంచి 838.5, బరువైనది 645.9 నుంచి 848.5. రెండోది 636.3 నుంచి 885.5. ఇది మంచి సౌకర్యం కూడా. ఒక్క చార్జీ ఉన్న చెత్త అయాన్ విరిగితే దానికంటే పెద్ద అంకె రాదు కాబట్టి ఈ కిటికీలో బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉంటుంది. ఇలాంటి పేరెంట్-ముక్క జతని ట్రాన్సిషన్ అంటారు. ప్రతి పెప్టైడ్‌కీ రెండో ట్రాన్సిషన్ కూడా పెట్టండి. ఉచితంగా దొరికే స్కైలైన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రొటీన్ వరుస వేస్తే ఈ అంకెలన్నీ అదే లెక్కగట్టి ఇస్తుంది, కొలిషన్ ఎనర్జీ (పెప్టైడ్‌ని విరిచే శక్తి) మాత్రం మీ మిషన్ మీద మీరే సరిచూసుకోవాలి.

పీక్ 6 సెకన్ల వెడల్పుంటే కనీసం 12 పాయింట్లు పడాలి, అంటే ఒక సైకిల్ అర సెకను. నాలుగు పెప్టైడ్లు, రెండు రూపాలు, రెండేసి ట్రాన్సిషన్లు కలిపి 16. ఒక్కోదానికి 30 మిల్లీసెకన్లు దొరుకుతాయి. ఎ1 సిగ్నల్ డిటెక్టర్‌ని నింపేస్తుంటే శాంపిల్‌ని పల్చన చేయకండి, బి పోతుంది. ఎ1కి కొలిషన్ ఎనర్జీని మామూలు, బరువు రూపాలు రెంటికీ ఒకేలా మార్చి సిగ్నల్ తగ్గించండి, లేదా బలహీనమైన ట్రాన్సిషన్ తీసుకోండి.

క్యాలిబ్రేటర్ దేంతో?

సింథటిక్ పెప్టైడ్‌ని బఫర్‌లో కలిపి కర్వ్ గీయడం తేలిక. కానీ అది పెప్టైడ్ కర్వ్, ప్రొటీన్ కర్వ్ కాదు. డైజెషన్‌లో ఏం జరిగినా దానికి తెలియదు. క్యాలిబ్రేటర్ కూడా పేషెంట్ శాంపిల్ నడిచిన దారిలోనే నడవాలి. కాబట్టి మనిషి సీరంతోనే, డబ్ల్యూహెచ్‌ఓ, ఐఎఫ్‌సీసీ (క్లినికల్ కెమిస్ట్రీ అంతర్జాతీయ సమాఖ్య) ఇచ్చే రిఫరెన్స్ పదార్థాలకు విలువలు ముడిపడిన సీరంతో చేయండి. ఆ విలువ ఎక్కడినుంచి వచ్చిందో సర్టిఫికెట్‌లో ఉండాలి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో క్రిస్టా కోబార్ట్ నాయకత్వంలో ఐఎఫ్‌సీసీ బృందం అపోలైపోప్రొటీన్లకు మాస్ స్పెక్ ఆధారిత రిఫరెన్స్ పద్ధతి మీద పనిచేసింది కూడా ఈ గొలుసు గట్టిగా ఉండాలనే.

తక్కువ, ఎక్కువ స్థాయిల కోసం సీరాన్ని నీళ్లతో పల్చన చేయకండి. అపో-బి తక్కువున్న పూల్ (కొందరి సీరం కలిపిన మిశ్రమం) ఒకటి, ఎక్కువున్న పూల్ ఒకటి చేసుకుని, 100:0, 75:25, 50:50, 25:75, 0:100 పాళ్లలో కలపండి. అయిదు స్థాయిలు వస్తాయి, ప్రతిదీ నిజమైన సీరమే.

లెక్క సులువు. లీటరుకు 1.00 గ్రాము ఉన్న క్యాలిబ్రేటర్‌లో మామూలు, బరువు పీక్‌ల నిష్పత్తి 0.95 వచ్చిందనుకోండి, గీత సున్నా నుంచి నేరుగా వెళ్తోందనుకోండి. పేషెంట్‌లో 1.14 వస్తే, 1.14ని 0.95తో భాగిస్తే 1.20. అంటే లీటరుకు 1.20 గ్రాములు, డాక్టర్లు చదివే లెక్కలో డెసిలీటరుకు 120 మిల్లీగ్రాములు.

నమ్మకం కుదిరేదాకా

అయిదు రోజులు, రోజుకి అయిదేసి ట్యూబులు, రెండు స్థాయిల్లో. ప్రతి ట్యూబ్‌నీ ప్లాస్మా నుంచే మొదలుపెట్టాలి. ఒకే వయల్‌ని అయిదుసార్లు ఇంజెక్ట్ చేస్తే తెలిసేది మిషన్ స్థిరత్వమే. మొత్తం తేడా 10 శాతం దాటితే ముందు పిపెటింగ్‌ని, ముఖ్యంగా ఆ మొదటి 5 మైక్రోలీటర్లని అనుమానించండి. చిక్కటి ద్రవం టిప్ బయట కూడా అంటుకుంటుంది. తుడవాలి, నిదానంగా తీయాలి. నా దృష్టిలో ఈ ప్రొటీన్లకు 6 శాతం లోపే లక్ష్యం పెట్టుకోవాలి, ఎందుకంటే హాస్పిటల్ ల్యాబ్‌లలో వాడే యాంటీబాడీ పద్ధతి ఇమ్యునోటర్బిడిమెట్రీ చవగ్గా, బాగానే ఇస్తోంది. దానికంటే మెరుగు కాకపోతే ఇంత కష్టం ఎందుకు పడాలి?

రికవరీ కోసం ప్లాస్మాలో పెప్టైడ్ కలిపి 98 శాతం తిరిగి వచ్చిందని సంతోషపడకండి. అది పెప్టైడ్ రికవరీ. రెండు పేషెంట్ శాంపిల్స్‌ని సమానంగా కలిపి, వచ్చిన విలువ రెంటి సగటుకి సరిపోతుందా అని చూడటం ఎక్కువ చెబుతుంది. తర్వాత కనీసం 40 పేషెంట్ శాంపిల్స్‌ని మీ హాస్పిటల్‌లో వాడే పద్ధతితో పోల్చండి. అవి తక్కువ నుంచి ఎక్కువ దాకా పరుచుకుని ఉండాలి. కొవ్వు ఎక్కువున్నవే గీత నుంచి ఒకవైపుకి జరిగితే డైజెషన్ సమయం పరీక్షకి వెనక్కి వెళ్లండి.

రోజూ నడిపేటప్పుడు

ప్రతి బ్యాచ్ బ్లాంక్‌తో (ప్లాస్మా, పెప్టైడ్ ఏదీ లేని ట్యూబ్‌తో) మొదలవ్వాలి. తర్వాత ప్లాస్మా లేకుండా బరువు పెప్టైడ్లు మాత్రమే ఉన్న ట్యూబ్ ఒకటి. అందులో మామూలు పీక్ కనిపిస్తే స్టాండర్డ్‌లోనే కల్తీ ఉంది. క్యాలిబ్రేటర్లు, రెండు స్థాయిల కంట్రోళ్లు, పేషెంట్లు, ఆఖర్న మళ్లీ కంట్రోళ్లు. అత్యధిక క్యాలిబ్రేటర్ తర్వాత ఒక బ్లాంక్ పెడితే క్యారీఓవర్, అంటే ముందు శాంపిల్ నుంచి మిగిలిపోయింది, తెలుస్తుంది.

ప్రతి పేషెంట్‌లో మూడు సంగతులు చూశాకే విలువ బయటికి పంపండి. రెండు ట్రాన్సిషన్ల నిష్పత్తి క్యాలిబ్రేటర్‌లో ఉన్నదానికి 20 శాతం అటూఇటూలో ఉందా? బరువు పెప్టైడ్ పీక్ బ్యాచ్‌లోని మిగతావాటికి దగ్గరగా ఉందా? ఒకే ప్రొటీన్‌లోని రెండు పెప్టైడ్లు చెప్పే విలువలు 10 శాతం లోపు కలుస్తున్నాయా? మూడోది తప్పితే ఆ శాంపిల్‌ని కొత్తగా డైజెషన్ నుంచి చేయండి. మళ్లీ అంతే వస్తే, రెండు విలువలూ డాక్టర్‌కి తెలియజేసి జన్యు మార్పు అవకాశం ఉందని రాయండి. రెంటి సగటు తీసి ఇవ్వకండి.

ట్రిప్సిన్ కొత్త లాట్ వస్తే పాతదాంతో పక్కపక్కన ఒక పూల్‌ని, ఒక కొవ్వెక్కువ శాంపిల్‌ని రెండు గంటల దగ్గర, మీ మామూలు సమయం దగ్గర ఆపి చూడండి. రెండు లాట్‌లూ మామూలు సమయంలో ఒకే విలువ ఇస్తేనే కొత్తది వాడకంలోకి తీసుకోండి. పాత లాట్ పూర్తిగా అయిపోకముందే ఇది చేయాలి కాబట్టి, ఆఖరి రెండు వయల్స్ మిగిలినప్పుడే ఆర్డర్ పెట్టేయండి.